బరువు తెగితే ఇంజిన్ ఎందుకు పగులుతుంది?

ఇంజిన్ పగిలిందంటే ఆవిరి ఒత్తిడి మితిమీరిందని అనుకుంటాం. 1890 మార్చి 25న ఐర్లండ్‌కు చేరువైన ‘సిటీ ఆఫ్ పారిస్’ ఓడలో జరిగింది వేరు. కుడి ఇంజిన్‌కు లాగాల్సిన బరువు ఒక్కసారిగా లేకుండా పోయింది. అందుకే ముక్కలైంది.

అట్లాంటిక్‌ను పడమటి దిశగా ఆరు రోజుల లోపు దాటిన తొలి ఓడ ఇదే: 1889 మేలో, 5 రోజుల 23 గంటల 7 నిమిషాల్లో. ఆ ఆగస్టుకల్లా సగటు వేగం 20 నాట్లు, అంటే గంటకు 37 కిలోమీటర్లు దాటింది. కట్టింది స్కాట్లాండ్‌లోని క్లైడ్‌బ్యాంక్‌లో. రెండు ప్రొపెల్లర్లు, ఒక్కోదానికి ఒక్కో ఇంజిన్, ఇంజిన్ గదుల మధ్య ఉక్కు గోడ. ఒకటి చెడినా రెండోది గట్టుకు చేరుస్తుందని ధీమా.

ఇంజిన్ నుంచి ప్రొపెల్లర్‌కు వెళ్లే షాఫ్టు చివర ఓడ బయట, నీళ్లలో ఉంటుంది. అక్కడ దాన్ని మోసే బేరింగ్‌లో లోహానికి బదులు లిగ్నమ్ వైటే అనే కర్ర బద్దలు పేర్చేవారు. నీళ్లలో మునిగేంత చేవ ఉన్న కర్ర అది. నూనె అక్కర్లేదు, బద్దల సందుల్లో పారే సముద్రపు నీరే చాలు. నాకు ఎంతో ఇష్టమైన ఏర్పాటు ఇది. కానీ కర్ర అరిగేకొద్దీ షాఫ్టు కిందికి జారుతుంది, ప్రతి చుట్టులోనూ కాస్త వంగి లేస్తుంది. ఇనుప తీగను అటూ ఇటూ వంచి తెంపుతామే, అదే పని. నిమిషానికి 80 చుట్లనుకున్నా ఆరు రోజుల ప్రయాణంలో దాదాపు 7 లక్షల వంపులు! చివరికి షాఫ్టు విరిగి, ఇంజిన్‌కూ ప్రొపెల్లర్‌కూ లంకె తెగింది.

బావిలో నిండు బిందెను చేదుతుంటే తాడు తెగిందనుకోండి. ఎంత బలంతో లాగుతున్నామో అంత బలంతో వెనక్కి పడతాం. బరువు పోయినా చేతుల్లో బలం పోలేదు కదా! అలాగే సిలిండర్లలో ఆవిరి తోస్తూనే ఉంది, అడ్డుకునే నీళ్లే లేవు. వేగం పెరిగిపోయింది. పిస్టన్‌ను ప్రతి చుట్టులో రెండుసార్లు ఆపి వెనక్కి తిప్పాలి, దానికి కావలసిన బలం వేగపు వర్గంతో పెరుగుతుంది. వేగం రెండింతలైతే బలం నాలుగింతలు, మూడింతలైతే తొమ్మిదింతలు. కడ్డీలు, బోల్టులు ఎంతకని ఓర్చుకుంటాయి? పగిలిన ముక్కలు మధ్యగోడనూ చీల్చేశాయి. రెండు గదుల్లోనూ నీళ్లు నిండి, రెండో ఇంజినూ ఆగింది. మిగతా అడ్డుగోడలు నిలబడ్డాయి కాబట్టి ఓడ తేలింది, ఒక్క ప్రాణమూ పోలేదు. మరో స్టీమర్ దాన్ని ఐర్లండ్‌లోని క్వీన్స్‌టౌన్ రేవుకు లాక్కొచ్చింది.

ఓడకు పేరు మారిస్తే అరిష్టమని నావికుల నమ్మకం. ఈ ఓడ తర్వాత పారిస్, యేల్, ఫిలడెల్ఫియా, హారిస్‌బర్గ్ అయింది. ఇంజిన్ పగిలింది మాత్రం మొదటి పేరుతో ఉన్నప్పుడే! బాగుచేశాక 1892లో 5 రోజుల 14 గంటల 24 నిమిషాలతో మళ్లీ రికార్డు కొట్టింది. 1899లో కార్న్‌వాల్ తీరాన రాళ్లెక్కి వారాల తరబడి ఇరుక్కుంది. ఆ తర్వాత కొత్త ఇంజిన్లు పెట్టారు, మూడు పొగగొట్టాలు రెండయ్యాయి.

1902 ఫిబ్రవరిలో వైర్‌లెస్‌కు ఆద్యుడైన మార్కోనీ ఈ ఓడెక్కాడు. కార్న్‌వాల్‌లోని పోల్డూ కేంద్రం నుంచి పంపిన వైర్‌లెస్ సందేశాలు రాత్రిపూట 1,551 మైళ్ల దాకా స్పష్టంగా అందాయి. పగలు మాత్రం 700 మైళ్లకే ఆగిపోయాయి. రేడియో తరంగాల మీద పగటి వెలుతురు ప్రభావం మొదట కొలతకు అందింది ఈ ఓడ మీదే.