"చాలా స్లో గురూ" అనే ముందు: రొమాన్స్ అనిమేపై ఒక డబ్బింగ్ రైటర్ వినే అపోహలు

నేను జపనీస్ అనిమేకి, అంటే అక్కడి యానిమేషన్ సిరీస్‌లకి, తెలుగు డైలాగులు రాస్తాను. ఫైట్లున్న సిరీస్ అయితే పని హాయిగా సాగిపోతుంది. అరుపులు, దెబ్బలు, మధ్యలో ఏదో శక్తి పేరు. రొమాన్స్ వస్తేనే తలనొప్పి. మాటకీ మాటకీ మధ్య ఉండే ఖాళీలోనే అక్కడ సగం కథ నడుస్తుంది. చూసినవాళ్లు మాత్రం రెండే తీర్పులిస్తారు: "చాలా స్లో", లేకపోతే "మాంగా అంతా కోసిపారేశారు". (మాంగా అంటే జపనీస్ కామిక్, చాలా సిరీస్‌లకి మూలం అదే.) ఒక్కోసారి ఒకే మనిషి ఒకే సిరీస్ గురించి రెండూ అనేస్తాడు.

అపోహ: ఎపిసోడ్‌లో ఎన్ని చాప్టర్లు పట్టించారో లెక్కేస్తే వేగం తెలిసిపోతుంది.

ముందు ఉన్న టైమెంతో చూద్దాం. టీవీ ఎపిసోడ్ సుమారు 24 నిమిషాలు. ఓపెనింగ్ పాటకి 90 సెకన్లు, ఎండింగ్‌కి ఇంకో 90. కథకి మిగిలేది 21 నిమిషాలు. జపాన్‌లో మూడు నెలల ప్రసారాన్ని 'కూర్' అంటారు, అంటే 12 లేదా 13 ఎపిసోడ్లు. పన్నెండుకి లెక్క కడితే నాలుగుంపావు గంటలు కూడా రావు. మన సినిమాలు రెండు చూసేంత టైమ్ కూడా కాదది.

'హోరిమియా' 2011లో మొదలై 2021లో ముగిసిన మాంగా. క్లోవర్‌వర్క్స్ స్టూడియో 2021లో దాన్ని 13 ఎపిసోడ్లలో స్కూల్ చివరి రోజు దాకా లాక్కొచ్చింది. పరుగు అన్నారు, నిజమే. కానీ ఎక్కడ పరుగెత్తారో గమనించండి. హీరోయిన్ హోరి జ్వరంతో పడుకుని ఉంటుంది. నిద్రపోతోందనుకుని హీరో మియామురా మనసులో మాట పైకి అనేస్తాడు. మొదటి నాలుగు ఎపిసోడ్లలోపే వచ్చే సీన్ అది. అక్కడ ఎవరికీ తొందర లేదు, ఆ గది గదంతా ఆగిపోయినట్టుంటుంది. తొందరంతా స్నేహితుల కథల దగ్గర. వాళ్ల ప్రేమలు హైవే మీద మన పక్కనుంచి దూసుకుపోయే బస్సుల్లా వెళ్లిపోతాయి, కిటికీలో ముఖం గుర్తుపట్టేలోపే. అలా వదిలేసిన చిన్న చిన్న కథలన్నీ ఏరుకుని 2023లో ఇంకో 13 ఎపిసోడ్ల సిరీస్ తీశారు. కాబట్టి లెక్కపెట్టాల్సింది చాప్టర్లని కాదు, ఏ సీన్‌కి ఎన్ని సెకన్లు వదిలారన్నదాన్ని.

అపోహ: మాంగాలో ఉన్నది ఉన్నట్టు తీస్తే చాలు, తెలివితేటలు ఎందుకు?

ఉన్నది ఉన్నట్టు తీయడం కుదిరే పని కాదు. కాగితం మీద వేగం మీ వేలిదే. అమ్మాయి ముఖం, పక్కన ఒక్క అక్షరం కూడా లేని గడి. మీరు దాని మీద అర సెకను ఆగుతారో, పది సెకన్లు ఆగుతారో మీ ఇష్టం. తెర మీద ఆ నిర్ణయం మీ అందరి తరఫునా డైరెక్టర్ తీసుకోవాలి. ఎంతసేపు ఆపినా ఎవరో ఒకరు తిడతారు.

మనసులో మాటలతో ఇంకో చిక్కు. కాగితం మీద వాటికి టైమ్ లేదు. ఒక చూపు మీద నలభై పదాల ఆలోచన రాసినా ఆ చూపు చూపే. తెర మీద ఆ నలభై పదాలకీ పదిహేను సెకన్లు పడతాయి, అంతసేపూ ఆ ముఖాన్ని ఏం చేయాలి? 2019లో ఏ-1 పిక్చర్స్ తీసిన 'కగుయా-సమా'లో దర్శకుడు హతకేయామా మమోరు దీన్ని తలకిందులు చేశాడు. స్టూడెంట్ కౌన్సిల్ ప్రెసిడెంట్, వైస్ ప్రెసిడెంట్ ఇద్దరికీ ఒకరంటే ఒకరికి ఇష్టం, ముందు చెప్పినవాడు ఓడిపోయినట్టని ఇద్దరి పంతం. ఆ ఆలోచనలన్నీ కథ చెప్పే అయోయామా యుతాకా గొంతు మీదుగా యుద్ధవార్తల్లా వినిపిస్తాయి. ఎపిసోడ్‌ని ఎక్కువగా మూడు చిన్న కథలుగా విడగొట్టి, చాప్టర్ల వరస కూడా మార్చారు. మార్చారు కాబట్టే అది మాంగా చదివినట్టుంటుంది. (నాకు ఇంకో లాభం కూడా ఉంది. ఆలోచన నడిచేటప్పుడు పెదాలు మూసే ఉంటాయి, లిప్ సింక్ బాధ లేదు. అలాంటి ఎపిసోడ్ వచ్చిన రోజు తొందరగా ఇంటికెళ్తాను.)

ఇంతకీ 'హోరిమియా' మాంగా కూడా అంతకుముందే ఉన్న ఒక వెబ్ కామిక్‌ని వేరే చిత్రకారుడు మళ్లీ గీసిందే. 'అసలు' ఏదని అడిగితే ఎక్కడ ఆగుతాం?

అపోహ: బొమ్మ కదలలేదంటే డబ్బు మిగుల్చుకున్నారు.

ఒక్కోసారి నిజమే. కానీ 1998లో గైనాక్స్ తీసిన 'కారేకానో' చూడండి. దర్శకుడు అన్నో హిదెయాకి తెర నిండా అక్షరాలు పరిచాడు, కదలని గీతల మీద గొంతులు నడిపించాడు, ఒక ఎపిసోడ్‌లో అయితే మన తోలుబొమ్మల వరసలో కాగితం బొమ్మలనే ఆడించారు. టైమ్ చాలక కొంత చేసి ఉండొచ్చు. అయినా అందులో హీరోయిన్ గుండెదడ నాకు వినపడింది, బొమ్మ కదిలిందా లేదా అన్నది తర్వాత.

అపోహ: మాంగా అమ్ముకోవడానికే అనిమే, అందుకే ముగింపు ఉండదు.

ఇది సగం నిజం, కాదనను. చాలా సిరీస్‌లకి డబ్బు పెట్టేది కొన్ని కంపెనీలు కలిసిన కమిటీ, అందులో పుస్తకం వేసిన ప్రచురణ సంస్థ కూడా తరచూ ఉంటుంది. కానీ ముగింపు లేకపోవడానికి ఎక్కువసార్లు కారణం మాంగానే ఇంకా అయిపోకపోవడం. 'ఫ్రూట్స్ బాస్కెట్' 2001లో 26 ఎపిసోడ్లతో ఆగిపోయింది, మాంగా 2006 దాకా నడిచింది. 2019లో మళ్లీ మొదటినుంచీ మొదలెట్టి 2021కి 63 ఎపిసోడ్లలో మొత్తం చెప్పారు. 'తొరాదొరా'ది ఇంకో దారి: దానికి మూలమైన నవల చివరి సంపుటం, అనిమే చివరి ఎపిసోడ్ రెండూ 2009 మార్చిలోనే వచ్చాయి.

అపోహ: హీరో ప్రపోజ్ చేసే సీన్‌లో 'నేను నిన్ను ప్రేమిస్తున్నాను' అని పెట్టేస్తే సరి.

ఇది నా టేబుల్ మీదకే వస్తుంది కాబట్టి కాస్త ఎక్కువ చెప్తాను. జపనీస్‌లో వాడు అనేది "సుకి దెస్". చివరి అక్షరం దాదాపు మింగేస్తారు, అంతా కలిపి సెకను పట్టదు. మన వాక్యానికి తొమ్మిది అక్షరాలు. అబ్బాయి నోరు మూసేశాక కూడా గొంతు మాట్లాడుతూనే ఉంటుంది. పైగా మన ఇళ్లలో అలా ఎవరంటారు? 'సుకి' అంటే అచ్చంగా 'ఇష్టం'. "నువ్వంటే ఇష్టం" పెదాలకి కూర్చుంటుంది, చెవికీ కూర్చుంటుంది.

ఇక్కడ మనకో అదృష్టం ఉంది. జపనీస్‌లాగే తెలుగులోనూ క్రియ చివర్లో వస్తుంది. "నువ్వంటే నాకు..." అని ఆగితే తర్వాత వచ్చేది ఇష్టమో, భయమో, అసహ్యమో తెలీదు. వాళ్లు మధ్యలో నాలుగు సెకన్లు ఆగితే మనమూ అక్కడే ఆగొచ్చు, ఉత్కంఠ చెడదు.

చెడేది పిలుపుల దగ్గర. ఇంటిపేరుతో పిలిచే అబ్బాయి ఒకరోజు అసలు పేరుతో పిలిస్తే అక్కడ అదొక పెద్ద సంఘటన, దాని కోసమే ఎపిసోడ్లు నడుస్తాయి. మన దగ్గర క్లాస్‌మేట్స్ మొదటి రోజే పేరు పెట్టి పిలుచుకుంటారు. 'మీరు' నుంచి 'నువ్వు'కి దింపుదామా అంటే, తొమ్మిదో క్లాసు పిల్లలు 'మీరు' అనుకుంటే నవ్వొస్తుంది. దీనికి నా దగ్గర మంచి మందు ఇప్పటికీ లేదు.

అపోహ: తెలుగువాళ్లకి ఖాళీ ఉండకూడదు.

ఒక సిరీస్‌కి పని ఇచ్చినవాళ్లు ఇదే అన్నారు. రైల్వే ప్లాట్‌ఫాం, ఇద్దరూ వెనక్కి తిరిగి ఉన్నారు, ఏడు సెకన్ల మౌనం. "పెదాలు కనపడట్లేదుగా, ఒక లైన్ వేసెయ్యండి" అన్నారు. "ఏంటి, ఏం మాట్లాడవే?" అని వేశాను. వేసినందుకు ఆ రాత్రంతా గిల్టీగానే ఉంది. మర్నాడు బూత్‌లో వాయిస్ ఆర్టిస్ట్ షీట్ చూసింది, తెర చూసింది. ఆ లైన్ దగ్గరకొచ్చేసరికి ఏమీ అనకుండా గట్టిగా గాలి పీల్చి వదిలింది. ఇంజినీర్ నా వైపు చూశాడు. నేను పెన్ను తీసి లైన్ కొట్టేసి, పక్కన 'శ్వాస' అని రాశాను.