నొక్కగానే మాట్లాడేయకండి: పీటీటీ యాప్‌లపై అపోహలు - వాస్తవాలు

విశాఖ డాబాగార్డెన్స్‌లో చిన్న షాపుతో మొదలుపెట్టాం. అప్పట్లో పనంటే వాకీటాకీ సెట్లకు ఫ్రీక్వెన్సీలు వేయడం, ఉబ్బిపోయిన బ్యాటరీలు మార్చడం, సముద్రపు గాలికి తుప్పుపట్టిన యాంటెనాలు పీకి కొత్తవి బిగించడం. ఇప్పుడు సెట్లు తగ్గాయి. వచ్చేవాళ్లలో సగం మంది జేబులోంచి ఫోన్ తీసి, "ఇందులోనే వాకీటాకీ వస్తుందట కదా, అది పెట్టండి" అంటున్నారు. గాజువాక ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసుల వాళ్లు, అపార్ట్‌మెంట్ సెక్యూరిటీ వాళ్లు మాకు మొదట్నుంచీ ఉన్నవాళ్లే. ఈ నాలుగైదేళ్లలో ఇళ్ల నుంచి పనిచేసే సాఫ్ట్‌వేర్ సపోర్ట్ టీములు కూడా తోడయ్యాయి. టీమ్ లీడర్ మధురవాడలో ఉంటే ఒకరు విజయనగరంలో, ఒకరు శ్రీకాకుళంలో, ఇంకొకరు అనకాపల్లిలో.

పుష్ టు టాక్ అంటే, మా షాపు భాషలో పీటీటీ అంటే, బటన్ నొక్కి పట్టుకుంటే మీ మాట ఛానల్లో, అంటే మీ గ్రూపులో, ఉన్న అందరికీ వినిపిస్తుంది. వదిలితే మైకు మూసుకుంటుంది. ఒకరు మాట్లాడుతుంటే మిగతావాళ్లు వినాల్సిందే. ఇంతే సంగతి. కానీ దీని మీద ఉన్న అనుమానాలకు రోజూ కౌంటర్ దగ్గర జవాబు చెప్పీ చెప్పీ, ఒకచోట రాసి పెడదామనిపించింది.

అపోహ: వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్ ఉండగా ఇదెందుకు?

2013లో వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్ వచ్చినప్పటి నుంచీ వింటున్న ప్రశ్న ఇది. వాయిస్ మెసేజ్ మీరు మాట్లాడటం పూర్తయ్యాక బయల్దేరుతుంది. పీటీటీలో మీరు మాట్లాడుతుండగానే మాట అవతలికి చేరిపోతూ ఉంటుంది. ఇది చిన్న తేడా. పెద్ద తేడా వినేవాడి వైపు ఉంది. వాయిస్ మెసేజ్ వినాలంటే ఫోన్ తీసి, తెరిచి, నొక్కాలి. పీటీటీ దానంతట అదే పలుకుతుంది. చేతులకు గ్రీజు అంటుకున్న మెకానిక్‌కైనా, పడిపోయిన సర్వర్‌తో కుస్తీ పడుతున్న ఇంజనీర్‌కైనా కావాల్సింది అదే.

దానంతట అదే పలకడం వల్ల ఇబ్బందీ ఉంది. ఎంవీపీ కాలనీలో ఇంటి నుంచి పనిచేసే ఒకమ్మాయి ఫోన్‌ను వంటింటి గట్టు మీద ఛార్జింగ్‌కి పెట్టి స్నానానికి వెళ్లిందట. ఈలోగా టీమ్ లీడర్ "నిన్నటి టికెట్ ఎందుకు క్లోజ్ చేయలేదమ్మా, ఎన్నిసార్లు చెప్పాలి?" అని కసిరాడు. ఆ కసురు నేరుగా పప్పుకి పోపు వేస్తున్న అత్తగారి చెవిన పడింది. "ఎవడే ఆడు, నిన్నంత మాట అనీడానికి?" అని ఆవిడ ఆ రోజంతా వదల్లేదు. ఆ మర్నాటి నుంచి ఆ టీములో రూలు మారింది. ఛానల్లో పని మాటలే, మందలింపులు ఏమైనా ఉంటే ఫోన్ చేసి.

అపోహ: యాప్ ఎక్కిస్తే పనైపోయినట్టే

ఎక్కించడానికి రెండు నిమిషాలు. ఆ తర్వాత పోరాటమంతా ఫోన్‌తోనే. 2015లో వచ్చిన ఆండ్రాయిడ్ 6 నుంచి డోజ్ అనే ఏర్పాటు ఉంది. ఫోన్ కదలకుండా, స్క్రీన్ ఆరిపోయి కాసేపుంటే వెనకాల నడిచే యాప్‌లను నిద్రపుచ్చుతుంది. బ్యాటరీ ఆదా కోసం. దానికి తోడు కొన్ని కంపెనీల ఫోన్లలో సొంత బ్యాటరీ పొదుపు వేరే ఉంటుంది, అది ఇంకా గట్టిది. పొద్దున టకటకా పలికిన ఛానల్ మధ్యాహ్నం భోజనాల తర్వాత మూగబోతుంది. స్క్రీన్ వెలిగించగానే పాత మాటలన్నీ వరసగా వచ్చి మీద పడతాయి. "మీ యాప్ పనిచేయట్లేదండీ" అని మాకు ఫోను. యాప్‌కేమీ కాలేదు, ఫోనే దాన్ని పడుకోబెట్టింది.

అందుకే మేము ప్రతి ఫోన్‌లో బ్యాటరీ ఆప్టిమైజేషన్ నుంచి ఆ యాప్‌ను తప్పిస్తాం, ఆటోస్టార్ట్ ఆన్ చేస్తాం, నోటిఫికేషన్ అనుమతి ఇస్తాం. ఇవన్నీ అన్ని ఫోన్లలో ఒకేచోట ఉండవు, ఒకే పేరుతోనూ ఉండవు. ఫోన్ పెద్ద అప్‌డేట్ తీసుకున్నాక మళ్లీ చూసుకోవాలి. ఐఫోన్‌ వాళ్లకు 2022లో ఐఓఎస్ 16తో ఆపిల్ పీటీటీ యాప్‌ల కోసమే ఒక ఏర్పాటు ఇచ్చింది. మీరు కొనే యాప్ దాన్ని వాడుకుంటుందా లేదా అన్నది అడిగి తెలుసుకోండి. వాడుకుంటే ఫోన్ లాక్‌లో ఉన్నా మాట వస్తుంది.

అమ్మడానికి వచ్చినవాళ్లు డెమో చూపిస్తే మురిసిపోకండి. డెమోలో ఫోన్ ఎప్పుడూ చేతిలోనే, స్క్రీన్ వెలుగుతూనే ఉంటుంది, ఏ యాపైనా బాగానే పలుకుతుంది. ఫోన్‌ను ఒక గంట ముట్టుకోకుండా బల్ల మీద వదిలేసి, పక్క గదిలోంచి పిలవండి. అప్పుడు పలికితే కొనండి.

అపోహ: బటన్ నొక్కగానే మాట్లాడేయొచ్చు

నా అనుభవంలో గొడవల్లో ఎక్కువ భాగం ఇక్కడివే.

బటన్ నొక్కినప్పుడు మీ ఫోన్ సర్వర్‌ను "ఇప్పుడు నా వంతా?" అని అడుగుతుంది. ఇంకెవరూ మాట్లాడటం లేదని చూసుకుని సర్వర్ సరేనంటుంది. అప్పుడు బీప్ వస్తుంది. పోలీసు, ఫైర్ లాంటి అత్యవసర సేవల కోసం, మొబైల్ నెట్‌వర్క్‌లకు ప్రమాణాలు రాసే 3జీపీపీ సంస్థ 2016లో ఒక ప్రమాణం తెచ్చింది. అందులో ఈ అడగడం, ఇవ్వడం నూటికి 95 సార్లు 300 మిల్లీసెకన్ల లోపే అయిపోవాలి. అలాంటి నెట్‌వర్క్‌లో వాళ్ల మాటకు ప్రత్యేక వరస ఉంటుంది. మనం ఫోన్లలో పెట్టుకునే మామూలు యాప్‌కు ఆ మర్యాద లేదు. పక్కింటివాడు చూసే క్రికెట్ మ్యాచ్ పక్కనే మీ మాటా లైన్లో నిలబడాలి.

దాని మీద బ్లూటూత్ ఇయర్‌ఫోన్ ఒకటి. ఊరికే వినేటప్పుడు అది పాటల పద్ధతిలో ఉంటుంది. మైకు తెరవాలంటే కాల్ పద్ధతిలోకి మారాలి. ఆ మారడానికి ఒక్కోసారి సెకను దాకా పడుతుంది. కొన్ని యాప్‌లు సర్వర్ సరేననే లోపు మీరన్న మాటను దాచి తర్వాత పంపుతాయి, మంచిదే. కానీ మైకే తెరుచుకోక ముందు అన్న మాటను ఏ యాపూ దాచలేదు.

కాబట్టి తొందరపడితే మాటకు తల తెగుతుంది. "నూట ఇరవై ఏడు నంబర్ బండి గేటు దగ్గరకి రావాలి" అంటే "ఇరవై ఏడు నంబర్ బండి గేటు దగ్గరకి రావాలి" అని వినిపిస్తుంది. సగంలో తెగిన వాక్యమైతే వినేవాడు మళ్లీ అడుగుతాడు. ఇది నిండు వాక్యంలాగే ఉంది. ఇరవై ఏడు నంబర్ బండి నిజంగానే వచ్చి నిలబడుతుంది.

తోక తెగడం ఇంకా ప్రమాదం, అందులోనూ మన భాషలో. తెలుగులో వద్దు, కాదు, లేదు అన్నీ మాట చివర్లో వస్తాయి. చాలామంది మాట పూర్తవుతుండగానే బటన్ మీద వేలు తీసేస్తారు. ఒక రాత్రి పదకొండు గంటలకు ఒక సపోర్ట్ టీము లీడర్ "సర్వర్ రీస్టార్ట్ చెయ్యొద్దు" అన్నాడు. శ్రీకాకుళంలో ఉన్న కుర్రాడికి "సర్వర్ రీస్టార్ట్ చెయ్య్" దాకా వినిపించింది. చేసేశాడు. మర్నాడు ఇద్దరూ మా షాపుకి వచ్చి, నేను చెప్పాను అంటే నువ్వు చెప్పలేదు అని వాదులాట. యాప్‌లో ఆ రోజు మాటలు రికార్డయి ఉన్నాయి కాబట్టి వినిపించాను. నిజంగానే "ఒద్దు" లేదు. ఇద్దరిదీ తప్పు కాదు, వేలిది.

పాత వైర్‌లెస్ వాళ్లు ప్రతి మాట చివరా "ఓవర్" అంటారు. కుర్రాళ్లకు అది ఛాదస్తంగా కనిపిస్తుంది, నవ్వుకుంటారు. నవ్వుకోండి గానీ మానకండి. నా వంతు అయిపోయిందని చెప్పడం దాని పని, నిజమే. దాంతోపాటు వేలు తొందరపడినా తెగేది "ఓవర్"లో తోకే, మీ "వద్దు" కాదు. మా టీములకు ఇంకో అలవాటు కూడా చేయిస్తాం. వద్దన్న మాట ఉంటే ముందే పెట్టమంటాం: "వద్దు, రీస్టార్ట్ వద్దు, ఓవర్." విన్నవాడు దాన్ని తిరిగి చెప్పాలి: "రీస్టార్ట్ చేయట్లేదు, ఓవర్." నంబర్లు రెండుసార్లు. నొక్కాక బీప్ వినాలి, ఒక ఊపిరి తీసుకోవాలి, అప్పుడు మాట్లాడాలి. దీనికి పది నిమిషాల శిక్షణ చాలు, కానీ ఆ పది నిమిషాలు కేటాయించే మేనేజర్లు తక్కువ.

అపోహ: డేటా మింగేస్తుంది

లెక్క చూడండి. ఇలాంటి యాప్‌లు విరివిగా వాడే ఓపస్ అనే కోడెక్, అంటే మాటను కుదించి పంపే పద్ధతి, 2012లో ప్రమాణంగా వచ్చింది. సెకనుకు 6 కిలోబిట్ల నుంచి 510 దాకా పనిచేస్తుంది. మాటకు 16 కిలోబిట్లు అనుకుంటే గంట ఏకధాటిగా మాట్లాడినా 7.2 ఎంబీ. మాట ముక్కలుగా, ప్యాకెట్లుగా వెళ్తుంది కాబట్టి వాటికి అడ్రసులు అంటించే ఖర్చు కూడా దాదాపు అంతే అవుతుంది. రెండూ కలిపి 15 ఎంబీ అనుకోండి. గంట ఆపకుండా మాట్లాడేవాడు ఏ ఛానల్లోనూ ఉండడు, ఉంటే మిగతావాళ్లు ఊరుకోరు. ఇక్కడ వేగం కన్నా నిలకడ ముఖ్యం. బస్సులో వెళ్తూ టవర్ మారేటప్పుడు సిగ్నల్ గీతలు నిండుగా కనిపిస్తూనే మాట నలిగిపోతుంది.

అపోహ: అందరం ఒకే ఛానల్లో ఉంటే అందరికీ అన్నీ తెలుస్తాయి

నలభై మంది ఉన్న ఒక టీము ఇలాగే పట్టుబట్టింది. మొదటి రోజు పొద్దున తొమ్మిదింటికి ముప్పై ఎనిమిది గుడ్ మార్నింగ్‌లు. మూడో రోజుకి సగం మంది వాల్యూమ్ తగ్గించేశారు. వారానికి ఫోన్లు సైలెంట్‌లో పడ్డాయి, మళ్లీ కాల్సే. పనిని బట్టి ఎనిమిది, పది మందికి ఒక ఛానల్ చేసి, లీడర్లు మాత్రం రెండు మూడు వినేలా పెట్టాం. అత్యవసరానికి అందరికీ వినిపించే ఛానల్ ఒకటి వేరే ఉంచాం. దాంట్లో గుడ్ మార్నింగ్ అంటే టీ ఖర్చు వాళ్లదే.

అపోహ: మైకు ఎప్పుడూ తెరిచే ఉంటుంది, ఓనరు వింటూనే ఉంటాడు

ఇంటి నుంచి పనిచేసేవాళ్లకు ఈ టెన్షన్ ఎక్కువ. మామూలుగా బటన్ నొక్కినంతసేపే మైకు తెరుచుకుంటుంది. మిక్సీ మోతైనా, పిల్లాడి ఏడుపైనా ఆ కాసేపే వెళ్తుంది. అలాగని భయం పూర్తిగా ఉత్తదని నేననను. 2019 జులైలో ఆపిల్ వాచ్‌లోని వాకీటాకీలో, అవతలివాళ్లకు తెలియకుండా వాళ్ల ఐఫోన్ ద్వారా వినగలిగే లోపం బయటపడితే, కంపెనీ సరిచేసేదాకా ఆ సదుపాయాన్నే ఆపేసింది. అదీగాక కంట్రోల్ రూమ్ వాళ్ల కోసం చేసిన కొన్ని వ్యవస్థల్లో దూరం నుంచి మైకు తెరిచే వీలు కావాలనే పెడతారు, ఆపదలో ఉన్న మనిషి కోసం. మైకు కన్నా నేను ఎక్కువ ఆలోచించమనేది మిగతా రెండింటి గురించి: మాటలు ఎన్నాళ్లు రికార్డులో ఉంటాయి, లొకేషన్ ఎవరికి కనిపిస్తుంది. చేరే ముందే అడగండి. షిఫ్ట్ అయ్యాక ఆఫ్‌లైన్ పెట్టుకోవడం మీ హక్కని మేనేజర్ నోటితోనే చెప్పించండి.

అపోహ: యాప్ వచ్చాక సెట్లు దండగ

2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు విశాఖలో ఉన్నవాళ్లెవరూ ఈ మాట అనరు. కరెంటు పోయింది, టవర్లు పోయాయి, ఫోన్ చేతిలో ఉన్నా టార్చిలైటుకే పనికొచ్చింది. యాప్ ఎంత గొప్పదైనా టవర్ మీద బతికేదే. సెట్టుకు సెట్టు నేరుగా మాట్లాడుకోవడానికి టవర్ అక్కర్లేదు. అనంతగిరి ఘాట్‌లో అరకు వెళ్లే బండ్లదీ ఇదే కథ, మలుపుకో సిగ్నల్. రిఫైనరీ లాంటి చోట్ల మండే గ్యాసులుండే ప్రాంతాల్లోకి మామూలు ఫోన్ రానివ్వరు, నిప్పురవ్వ పుట్టనివ్వకుండా తయారైన ధ్రువీకృత పరికరం కావాలి.

అలాగని ఆన్‌లైన్‌లో దొరికిన సెట్టల్లా కొనేయకండి. మన దేశంలో 2018 నుంచి 446.0 - 446.2 మెగాహెర్ట్జ్ మధ్య తక్కువ శక్తితో పనిచేసే సెట్లకు లైసెన్స్ అక్కర్లేదు. మిగతావాటికి అనుమతి కావాలి. 2025 మేలో వినియోగదారుల రక్షణ అథారిటీ, ఈ వివరాలేవీ చెప్పకుండా వాకీటాకీలు అమ్ముతున్న ఈ-కామర్స్ సైట్లకు నోటీసులిచ్చింది. తూర్పు నౌకాదళం ఉన్న ఊళ్లో ఏది పడితే ఆ ఫ్రీక్వెన్సీలో మాట్లాడితే ఏమవుతుందో వేరే చెప్పాలా?

అపోహ: ఒక్క బటనే కదా, డ్రైవర్ నడుపుతూ నొక్కొచ్చు

నొక్కకూడదు. 2019 సవరణ తర్వాత మోటారు వాహనాల చట్టం 184వ సెక్షన్‌లో, నడుపుతూ చేత్తో పట్టుకునే కమ్యూనికేషన్ పరికరం వాడటం ప్రమాదకరమైన డ్రైవింగ్ కిందకే వస్తుంది. ఫోన్ కాల్, పీటీటీ అన్న తేడా లేదు. ఫోన్‌ను డ్యాష్‌బోర్డు మీద బిగిస్తే మాట దానంతట అదే వినిపిస్తుంది, వినడానికి చెయ్యి అక్కర్లేదు. అసలు చెప్పాల్సింది ఆఫీసులో కూర్చున్నవాళ్లకి. డ్రైవర్ వెంటనే పలకలేదని "ఎక్కడున్నావు, ఎక్కడున్నావు" అని వరసగా నొక్కకండి. హైవే మీద ఉన్నాడు. కొమ్మాది దాటాక టీ కొట్టు దగ్గర బండి పక్కకి తీసి, తనే పలుకుతాడు.