నాలుగు శాతం రోడియం కలిపితే యురేనియం క్రిస్టల్ బయటపెట్టిన సంగతి

రాగి ముక్కని ఎంత పెద్ద మాగ్నెట్‌లో పెట్టినా దాని ఎలక్ట్రాన్ల పద్ధతి పెద్దగా మారదు. ఎందుకంటే 1 టెస్లా (మాగ్నెట్ బలం కొలిచే యూనిట్) ఫీల్డ్ ఒక ఎలక్ట్రాన్ స్పిన్ మీద, అంటే దానిలోని బుల్లి మాగ్నెట్ మీద చూపించే ఎనర్జీని టెంపరేచర్‌ లెక్కలోకి మార్చి చూస్తే 0.67 కెల్విన్ వస్తుంది అంతే, రాగిలో ఎలక్ట్రాన్లకి ఉన్న సొంత ఎనర్జీ అదే లెక్కలో దాదాపు 80 వేల కెల్విన్! హాస్పిటల్లో ఎమ్మారై మెషీన్ 1.5 టెస్లా, లేదంటే 3. అమెరికాలోని టల్లహాసీ ల్యాబ్‌లో ఆపకుండా 45 టెస్లా ఇచ్చే మాగ్నెట్ ఉంది, అది పెట్టినా 30 కెల్వినే, 80 వేల ముందు అదెంత.

కానీ హెవీ ఫెర్మియాన్ క్రిస్టల్స్ అనే ఒక జాతి ఉంది, అక్కడ ఈ లెక్క తలకిందులైపోతుంది. సీరియం, యురేనియం లాంటి ఆటమ్స్‌లో ఎఫ్ అనే లోపలి షెల్‌లో ఉండే ఎలక్ట్రాన్లకి సొంత మాగ్నెటిజం ఉంటుంది, చల్లబరిచేకొద్దీ కరెంట్ మోసే ఎలక్ట్రాన్లు వాటితో ముడిపడిపోతాయి, ఇక జాతరలో ఇద్దరు పిల్లల చేతులు పట్టుకుని నడిచే మనిషిలాగా నెమ్మదైపోతాయి, బరువు వందల రెట్లు పెరిగినట్టు ప్రవర్తిస్తాయి. 1975లో సీరియం అల్యూమినియం కాంపౌండ్‌లో ఇది మొదట బయటపడింది. బరువు పెరిగిందంటే ఎనర్జీ స్కేల్ అంతగా పడిపోయినట్టే, 80 వేలు కాస్తా పదుల కెల్విన్లకి దిగొస్తుంది. అప్పుడు 35 టెస్లా అంటే, అంటే 23 కెల్విన్ అంటే, మామూలు విషయం కాదు, ఎలక్ట్రాన్ల మొత్తం కట్టుబాటునే మార్చేయగలదు.

వీటిలో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది యురేనియం, రుథేనియం, సిలికాన్ కలిసిన క్రిస్టల్. 1985 నుంచి దీని మీద పని జరుగుతోంది. 17.5 కెల్విన్ దగ్గర ఇందులో ఏదో ఒక పెద్ద మార్పు వస్తుంది, స్పెసిఫిక్ హీట్‌లో, అంటే ఒక డిగ్రీ వేడెక్కించడానికి కావాల్సిన ఎనర్జీలో, కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది, కానీ న్యూట్రాన్లతో వెతికితే దొరికే మాగ్నెటిజం ఒక్కో యురేనియానికి 0.03 బోర్ మాగ్నెటాన్ (ఆటమ్ మాగ్నెటిజం కొలిచే యూనిట్) మాత్రమే, అంత చిన్నది అంత పెద్ద మార్పుకి కారణం కాలేదు. అందుకే దాన్ని హిడెన్ ఆర్డర్ అంటారు, ఇన్నేళ్లయినా అదేంటో అందరూ ఒప్పుకునే జవాబు లేదు.

ఫీల్డ్‌తో దాన్ని విరగ్గొట్టి చూద్దాం అనుకున్నారు. ఫీల్డ్‌ని క్రిస్టల్ సి యాక్సిస్ అనే ఒక ప్రత్యేక దిక్కు వెంట పెడితేనే పని జరుగుతుంది, అడ్డంగా పెడితే దాదాపు ఏమీ కాదు. 35 టెస్లా దగ్గర హిడెన్ ఆర్డర్ పోతుంది, 39 దాటాక స్పిన్లు చాలావరకు ఫీల్డ్ వైపు తిరిగిపోతాయి. చిక్కంతా ఈ రెండిటి మధ్యలో ఉంది, ఆ ఇరుకు సందులో ఒకటికి మించి ఫేజ్‌లు, అంటే ఎలక్ట్రాన్లు రకరకాలుగా సర్దుకునే స్థితులు, ఒకదాని మీద ఒకటి పడి ఏది దేనివల్లో విడదీయడం కష్టమైపోయింది. పైగా ఇంత ఫీల్డ్‌ చాలా ల్యాబుల్లో పల్స్‌గానే దొరుకుతుంది, సెకనులో చిన్న భాగం, ఫీల్డ్ అంత వేగంగా మారితే మెటల్‌లో సుడి కరెంట్లు పుట్టి శాంపిల్ వేడెక్కే ప్రమాదం కూడా ఉంది.

ఇక్కడే డోపింగ్, అంటే కావాలని కొంచెం వేరే ఆటమ్స్ కలపడం, అక్కరకొచ్చింది. సిలికాన్ చిప్‌లో కరెంట్ పెంచడానికి చేసే డోపింగ్ వేరు, ఇక్కడ వంద రుథేనియం ఆటమ్స్‌లో నాలుగు తీసి పీరియాడిక్ టేబుల్‌లో పక్కింటి రోడియం పెట్టారు, దానికి ఒక ఎలక్ట్రాన్ ఎక్కువ. అంతే, ఫీల్డ్ లేనప్పుడు ఉండాల్సిన హిడెన్ ఆర్డర్ మాయమైపోయింది, హెవీ ఎలక్ట్రాన్లు మాత్రం అలాగే ఉన్నాయి. ఇప్పుడు ఫీల్డ్ పెంచుకుంటూ పోతే దాదాపు 26 నుంచి 37 టెస్లా దాకా ఒకే ఒక్క ఫేజ్! మాములుగా కల్తీ అంటే క్రిస్టల్‌ని పాడు చేసేదే అనుకుంటాం, కానీ ఇక్కడ కల్తీ కలిపాకే బొమ్మ స్పష్టంగా కనబడింది, ఈ ఫేజ్ పుట్టడానికి హిడెన్ ఆర్డర్ అక్కర్లేదని, ఫీల్డ్ తనంతట తానే దాన్ని తెస్తుందని తేలింది.

2013లో జపాన్, ఫ్రాన్స్ సైంటిస్టులు పల్స్ మాగ్నెట్‌తో పాటు న్యూట్రాన్లు వాడి ఆ ఫేజ్ లోపలికే చూశారు, నిజంగా మెచ్చుకోవాల్సిన పని అది. స్పిన్లు రెండు పైకి, ఒకటి కిందికి, మళ్లీ రెండు పైకి ఒకటి కిందికి, ఇలా వరుస కట్టి ఉన్నాయి, అంటే ప్రతి మూడు స్పిన్లకీ రిపీట్ అయ్యే ప్యాటర్న్. 2016లో రోడియం లేని అసలు క్రిస్టల్‌లో కూడా 35 టెస్లా పైన ఇలా స్పిన్లు అలలాగా వరుస కట్టడం దొరికింది, కానీ ఆ అల ఎంత దూరానికి రిపీట్ అవుతుందో చెప్పే వేవ్ వెక్టర్ 0.6, రోడియం ఉన్నదానిలో మూడింట రెండు వంతులు, అంటే 0.67 దగ్గర. దగ్గరి చుట్టాలే గానీ ఒకటి కాదు, కాబట్టి రోడియం హిడెన్ ఆర్డర్ అనే అడ్డం తొలగించి ఊరుకోలేదు, ఎలక్ట్రాన్ల లెక్కని కూడా కొంచెం జరిపింది.