షెడ్డులో నిలిచిన కారుకూ ఆయిల్ మార్చాలి

గోదావరి డెల్టాలో పాత అంబాసిడర్, ప్రీమియర్ పద్మిని కార్లను కంటికి రెప్పలా చూసుకునే ఇళ్లు ఇప్పటికీ ఉన్నాయి. పెళ్లికో సంక్రాంతికో బయటికి తీస్తారు, మిగతా రోజుల్లో షెడ్డులో పట్టా కప్పి ఉంచుతారు, బ్యాటరీ దిగిపోకుండా వారానికోసారి ఐదు నిమిషాలు స్టార్ట్ చేసి ఆపేస్తారు. కారు తిరగనే లేదు కదా, ఆయిల్ మార్చడం ఎందుకన్నది చాలామంది యజమానుల వాదన. ఇంజన్ లోపల జరిగే రసాయన చర్య మాత్రం దీనికి పూర్తిగా విరుద్ధం.

ఒక లీటరు పెట్రోలు మండితే దాదాపు ఒక లీటరు నీరు ఆవిరి రూపంలో పుడుతుంది. అందులో అధికభాగం సైలెన్సర్ గుండా పోయినా, కొంత ఆవిరి పిస్టన్ రింగుల సందుల్లోంచి కిందికి దిగి ఆయిల్ ఉండే సంపులోకి చేరుతుంది. ఎక్కువసేపు నడిచి ఆయిల్ బాగా కాగితే ఆ తేమ మళ్లీ ఆవిరై వెళ్లిపోతుంది. ఐదు నిమిషాల్లో సంపులోని ఆయిల్ గోరువెచ్చనైతే గొప్ప. పైగా చోక్ లాగి స్టార్ట్ చేసినప్పుడు మండకుండా మిగిలిన పెట్రోలు సిలిండర్ గోడల వెంట జారి ఆయిల్‌ను పలచబరుస్తుంది. పాలకొల్లు నుంచి నరసాపురం దాకా ఉన్న పది కిలోమీటర్లు కూడా ఆయిల్ అంత బాగా కాగడానికి చాలవు. స్టార్ట్ చేస్తే కనీసం అరగంట ఆగకుండా నడపాలి, లేదంటే అసలు ముట్టుకోకుండా వదిలేసి బ్యాటరీని విడిగా చార్జింగ్ పెట్టుకోవడమే మేలు.

ఆయిల్ పోసే మూత విప్పి లోపలి వైపు చూస్తే సంగతి తెలిసిపోతుంది. అక్కడ మీగడలాంటి లేత పసుపు జిడ్డు పేరుకుని ఉంటే అది ఆయిల్, నీరు కలిసి చిలికిన పదార్థం. రేడియేటర్‌లో నీళ్లు కూడా తగ్గుతూ ఉంటే సిలిండర్ల పైభాగాన్ని మూసే సీలు, అంటే హెడ్ గాస్కెట్‌ను అనుమానించాలి. తగ్గకపోతే అది నిలిచిపోయిన తేమే.

ఈ నీరు ఊరికే ఉండదు. దహనంలో పుట్టిన నైట్రోజన్, సల్ఫర్ ఆక్సైడ్‌లతో కలిసి ఆమ్లాలుగా మారుతుంది. వాటిని విరిచేందుకు ఆయిల్‌లో క్షార గుణం గల కాల్షియం, మెగ్నీషియం డిటర్జెంట్లు కలుపుతారు గానీ, అవి ఖర్చయిపోయాక ఆమ్లం బేరింగులలోని సీసాన్ని, రాగిని తినడం మొదలుపెడుతుంది. గాలిలో తేమ ఎప్పుడూ ఎక్కువగా ఉండే ఈ కోస్తాలో, జూన్ నుంచి అక్టోబరు దాకా కదలని కారులో పాత ఆయిల్ వదిలేయడం ఆమ్లంలో బేరింగులను నానబెట్టడమే. వర్షాలు వెలిశాక కొత్త ఆయిల్ పోద్దామనుకునే ఆనవాయితీని తిరగేసి, కారును షెడ్డులో పెట్టే ముందే మార్చాలి.

ఆయిల్ నల్లబడితే చెడిపోయిందనే నమ్మకమూ సరికాదు. డిటర్జెంట్ తన పని తాను చేస్తూ మసిని అడుగున పేరుకోనివ్వకుండా తనలోనే మోస్తున్నందుకే ఆ నలుపు. అలాగని తేనె రంగులో మెరిసే ఆయిల్‌లో ఆమ్లం లేదని కూడా చెప్పలేము, దాన్ని కంటితో పట్టుకోలేము. అందుకే పాత కార్ల విషయంలో కిలోమీటర్ల కంటే క్యాలెండర్ ముఖ్యం: ఎంత తక్కువ తిరిగినా ఏడాదికోసారి మార్చాలి.

ఏ ఆయిల్ పోయాలన్నది మరో ప్రశ్న. అంబాసిడర్‌లోని పాత 1489 సీసీ ఇంజన్‌లో వాల్వులను తెరిపించే క్యామ్ షాఫ్ట్ అంచు, వాటికి తోపునిచ్చే ట్యాపెట్ అనే లోహపు ముక్క మీద నేరుగా రాసుకుంటూ తిరుగుతుంది. అక్కడ లోహాన్ని కాపాడేది జింక్, ఫాస్ఫరస్ కలిసిన ఒక సమ్మేళనం. కొత్త కార్లలో పొగను శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌ను ఫాస్ఫరస్ పాడుచేస్తుంది కాబట్టి, 2004లో వచ్చిన ఏపీఐ (అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్) ఎస్ఎం ప్రమాణం పలచని గ్రేడులలో దాన్ని 0.08 శాతానికి పరిమితం చేసింది. 20డబ్ల్యూ-50 వంటి చిక్కని గ్రేడులకు ఆ పరిమితి లేదు కాబట్టి ఈ ఇంజన్‌కు అవే నప్పుతాయి. అందులో 20డబ్ల్యూ అన్నది చలిలో స్టార్టింగ్‌కు సంబంధించిన అంకె. మన సంక్రాంతి చలికి అది ఏ ఇబ్బందీ కాదు. ఖరీదెక్కువ కాబట్టి మంచిదనుకుని పలచని సింథటిక్ ఆయిల్ పోయించడం ఈ ఇంజన్‌కు చేసే ఉపకారమేమీ కాదు.

ఆయిల్ మార్చి ఫిల్టర్‌ను వదిలేసేవారూ ఉన్నారు. మురికితో మూసుకుపోయిన ఫిల్టర్‌లో పక్కదారినిచ్చే బైపాస్ వాల్వు తెరుచుకుని, వడకట్టని ఆయిల్ నేరుగా బేరింగులకు వెళ్తుంది. అంబాసిడర్ ఇంజన్ ఫిల్టర్‌లో లోహపు గిన్నె, లోపల మార్చుకునే వడపోత ఎలిమెంటు, మధ్యలో పొడుగాటి బోల్టు ఉంటాయి. గిన్నె కూర్చునే గాడిలో పాత రబ్బరు రింగు ఏళ్ల తరబడి గట్టిపడి లోహంలా కనిపిస్తుంది. దాన్ని సూదితో పైకి లేపి తీయకుండా కొత్తది బిగిస్తే, ప్రెజర్ వచ్చిన క్షణంలోనే ఆయిల్ పక్కలనుంచి చిమ్ముతుంది. బిగించాక ఇగ్నిషన్ కాయిల్‌కు కరెంటు వచ్చే తీగ విప్పి, సెల్ఫ్‌ను కొద్ది సెకన్ల చొప్పున తిప్పితే ఇంజన్ మండకముందే ఆయిల్ అన్ని బేరింగులకూ చేరుతుంది. ఆ తర్వాతే తీగ కలిపి స్టార్ట్ చేయాలి. గిన్నె చుట్టూ వేలితో తడిమి చెమ్మ లేదని చూసుకుని, ఇంజన్ ఆపి కాసేపాగి, డిప్‌స్టిక్ గీత దాకా ఆయిల్ పోయాలి.