ఒకే పాట, రెండు జతల కళ్లు

పోయిన సంక్రాంతి సెలవులకి మా అన్నయ్య కూతురు మద్రాసు సాలిగ్రామంలో మా ఇంటికి వచ్చింది. భోజనాలయ్యాక ఫోన్‌లో ఏదో పాత పాట పెట్టుకుని చూస్తోంది. వంగి చూస్తే సిల్క్ స్మిత.

"అత్తా, ఈవిడ కోసమేనా అందరూ అంత వెర్రెత్తిపోయింది? కొంచెం లావుగా లేదూ?" అంది.

పక్కన కుర్చీలో మా నాన్న ఉన్నారు. ఏలూరు పక్క పల్లె నుంచి అరవైల్లో మద్రాసు వచ్చి, వడపళని స్టూడియోల్లో ముప్పై ఏళ్లు లైట్‌మ్యాన్‌గా చేసిన మనిషి. కళ్లజోడు సర్దుకుని ఫోన్ దగ్గరికి లాక్కున్నారు. "లావేంటే? మా రోజుల్లో ఆ మాట ఎవరూ అనలేదు. చక్కగా నిండుగా ఉందిగా" అన్నారు.

ఇద్దరూ చూసింది ఒకే బొమ్మ. ఇద్దరూ ఉన్నమాటే చెప్పారు. కాలం మారింది, టేస్టు మారింది అని మనం తేలిగ్గా అనేస్తాం కానీ, ఇక్కడ మారింది అభిప్రాయం ఒక్కటే కాదు. చూపే మారింది.

మండుటెండలోంచి మ్యాట్నీకి వెళ్లి హాల్లో అడుగుపెట్టగానే సీట్లు కనబడవు. రెండు నిమిషాలాగితే ఆ చీకటే మామూలైపోతుంది. మనుషుల రూపాల విషయంలోనూ మెదడు ఇలాగే సర్దుకుంటుంది. ఆస్ట్రేలియాలో గిలియన్ రోడ్స్ ఇంకొకరితో కలిసి 2005లో ప్రచురించిన ప్రయోగం ఇది. సన్నగా సాగదీసిన శరీరాల ఫోటోలు కాసేపు చూపించి, తర్వాత రకరకాల శరీరాలకి మార్కులు వేయమన్నారు. అంతకుముందు బక్కగా అనిపించినవి ఇప్పుడు మామూలుగా కనిపించాయి. బాగున్నాయి అనిపించే కొలత కూడా సన్నం వైపు జరిగింది. కొద్దిసేపు చూసినందుకే అంత తేడా వస్తే, రోజుకి వందల బొమ్మలు వేలి కింద జారిపోయే మా పిల్ల కళ్ల సంగతి చెప్పేదేముంది!

మెదడు తాను చూసిన ముఖాలన్నిటినీ కలిపి లోపల ఒక సగటు కట్టుకుంటుంది. 1990లో అమెరికాలో జుడిత్ లాంగ్లా, లోరీ రాగ్‌మన్ కంప్యూటర్‌లో 32 మంది ముఖాలు కలిపి ఒకే ముఖం చేస్తే, చూసినవాళ్లకి అది విడివిడి ముఖాల్లో చాలావాటికంటే అందంగా అనిపించింది. సగటుకి దగ్గరగా ఉన్నది మెదడుకి సుఖంగా అందుతుంది. అయితే ఎవరి సగటు? మా నాన్న సగటులో ఊరి చెరువు దగ్గరి ఆడవాళ్లున్నారు, స్టూడియో తారలు ఓ పాతికమంది ఉన్నారు. మా పిల్ల సగటులో ఫిల్టర్ వేసిన ముఖాలు వేలకివేలు.

ఈ మార్పు మన మాటల్లోనే కనిపిస్తుంది. మా నాయనమ్మ ఎవరినైనా మెచ్చుకోవాలంటే "పుష్టిగా ఉంది", "నిండైన మనిషి" అనేది. "పెళ్లయ్యాక కాస్త ఒళ్లు చేసింది, ముఖంలో కళొచ్చింది" అని సంతోషపడేది. "పీలగా అయిపోయావేమే" అంటే బెంగ. ఇవాళ అదే పీలదనాన్ని స్లిమ్ అంటున్నాం, "ఒళ్లు చేశావు" అంటే ఎదుటి మనిషి ఆ పూట అన్నం మానేస్తోంది. 1938లో మాలపిల్లతో, 1942లో ఇదే మద్రాసులో జెమినీ వాళ్లు తీసిన బాలనాగమ్మతో తెలుగువాళ్లని ఊపేసిన కాంచనమాల గానీ, మాయాబజార్ నాటి సావిత్రి గానీ నిండైన మనుషులే. కరువు తెలిసిన జనానికి కండపట్టిన ఒళ్లంటే ఇంట్లో గాదె నిండి ఉందని అర్థం.

ఇది నా ఊహ మాత్రమే కాదు. బ్రిటన్‌లో వీరేన్ స్వామి, మార్టిన్ టోవే 2006లో ఒక పని చేశారు. యూనివర్సిటీ భోజనశాలలోకి ఆకలితో వెళ్తున్న కుర్రాళ్లకి, తిని బయటికొస్తున్నవాళ్లకి ఒకే రకం ఫోటోలు చూపించారు. ఆకలితో ఉన్నవాళ్లకి కాస్త బరువున్న ఆడవాళ్లు ఎక్కువ నచ్చారు. తిని వచ్చినవాళ్లలో ఆ మొగ్గు తక్కువ. అదే ఏడాది వచ్చిన ఇంకో పరిశీలనలో, దక్షిణాఫ్రికాలో ఉండే జులూ తెగవాళ్లు బొద్దుగా ఉన్నవాళ్లని మెచ్చుకుంటే, బ్రిటన్‌కి వలసపోయిన జులూల మొగ్గు సన్నదనం వైపు జరిగింది. నడుముకీ పిరుదులకీ నిష్పత్తి 0.7 ఉంటే అందరికీ అందమే అని 1993లో దేవేంద్ర సింగ్ చెప్పింది చాలా ప్రచారమైంది గానీ, పెరూ అడవుల్లో బయటి బొమ్మలు పెద్దగా ఎరగని మాట్సిగెంకా మగవాళ్లని అడిగితే ఆ లెక్క నిలవలేదు.

నన్ను కలవరపెట్టేది ఫిజీ దీవుల సంగతి. అక్కడ కూడా మనలాగే ఒంటినిండా కండ ఉంటేనే మెచ్చుకోలు. 1995లో నద్రోగా ప్రాంతానికి టీవీ వచ్చింది. అప్పుడూ, మూడేళ్ల తర్వాతా యాన్ బెకర్ అనే పరిశోధకురాలు అక్కడి బడిపిల్లల్ని పరిశీలించారు. తిండి విషయంలో రోగలక్షణాలు కనబడ్డ అమ్మాయిలు 12.7 శాతం నుంచి 29.2 శాతానికి పెరిగారు. మూడేళ్లంటే ఒక పిల్ల ఏడో తరగతి నుంచి పదికి వచ్చేంత కాలం.

మరి సగటుకి దగ్గరగా ఉండటమే అందమైతే, సిల్క్ స్మిత ఒక్కరే ఎందుకు గుర్తుండిపోయారు? ఆ రోజుల్లో జ్యోతిలక్ష్మి, జయమాలిని, హలం, అనూరాధ, డిస్కో శాంతి అందరూ ఉన్నారు కదా.

దీనికి ఒక పక్షి కథ చెప్పాలి. సముద్రతీరంలో ఉండే హెర్రింగ్ గల్ పక్షి ముక్కు మీద ఎర్రటి చుక్క ఉంటుంది. పిల్ల దాన్ని పొడిస్తే తల్లి ఆహారం అందిస్తుంది. జంతువుల ప్రవర్తన చదివిన శాస్త్రవేత్త నికో టింబర్గెన్ ఒక సన్నటి ఎర్ర పుల్లకి మూడు తెల్ల చారలు వేసి చూపించాడు. పిల్లలు తల్లి తల నమూనాకంటే ఆ పుల్లనే ఎక్కువ పొడిచాయి. తల్లిలో లేనంత ఎరుపూ తెలుపూ తేడా ఆ పుల్లలో ఉంది. మేకప్ చేసేదీ ఇలాంటి పనే. కళ్లూ పెదాలూ చుట్టూ ఉన్న చర్మం కంటే ముదురుగా ఉంటాయి, ఆ తేడా సగటున మగవాళ్లకంటే ఆడవాళ్ల ముఖంలో ఎక్కువని 2009లో రిచర్డ్ రస్సెల్ కొలిచి చూపించాడు. కాటుకా లిప్‌స్టిక్కూ ఆ తేడానే ఇంకా పెంచుతాయి. ఇక సిల్క్ పాటల్లో క్లోజప్ చూడండి. కంటి చివరిదాకా లాగిన నల్లటి గీత, సగం వాలిన రెప్పలు, ఆ కింద నుంచి నెమ్మదిగా పైకి లేచే చూపు. శరీరం కొలతలు తరం తరానికీ మారిపోయినా, నేరుగా మన వైపు తిరిగిన చూపుని పట్టించుకోవడం పసిబిడ్డ దశ నుంచీ ఉన్నదే. అందుకే ఆమె కళ్లు పాతబడలేదని నా నమ్మకం.

ఆమెది ఏలూరు దగ్గర కొవ్వలి. అసలు పేరు విజయలక్ష్మి. చిన్నప్పుడే మద్రాసు చేరింది. 1980లో తమిళ సినిమా వండిచ్చక్రంలో 'సిల్క్' పాత్ర వేస్తే ఆ పేరే మీదపడింది. మరుసటేడు భారతీరాజా అలైగళ్ ఓయ్‌వదిల్లైలో ఇల్లాలి పాత్రలో ఎంత బాగా చేసిందో చూసినవాళ్లకి తెలుసు. కానీ అప్పటి సినిమాలో హీరోయిన్ పని వేరు, డాన్సర్ పని వేరు. కోరికంతా డాన్సర్ వంతు, గౌరవమంతా హీరోయిన్ వంతు. ఆ ఒక్క పాట కోసం టికెట్ కొన్నవాళ్లే బయటికొచ్చి ఆమెని నానా మాటలూ అన్నారు. నేను హైస్కూల్లో ఉండగా మా ఇంట్లో సినిమా పత్రిక నడిపేజీలో ఆమె బొమ్మ వస్తే, ఆ కాగితం చింపి బీరువా అరలో బోర్లించి పరిచేవాళ్లు. తర్వాత్తర్వాత హీరోయిన్లే ఆ పాటలు చేయడం మొదలుపెట్టారు, దాన్నెవరూ తప్పుపట్టలేదు. అప్పటికి ఆమెకి పని తగ్గిపోయింది. 1996 సెప్టెంబర్ 23న ఇదే ఊళ్లో పోయింది. 35 ఏళ్లు. ఆ వార్త విన్న రోజు మా నాన్న అన్నం ముందు కూర్చుని లేచిపోవడం నాకు గుర్తుంది. మా పక్క పిల్లే కదే, అన్నారు.

ఆ మధ్యాహ్నం మా పిల్ల పాటని ఒకచోట ఆపింది. క్లోజప్. తాతగారు ఫోన్ తీసుకుని రెండు వేళ్లతో బొమ్మ పెద్దది చేయబోయారు, చేతకాలేదు. పిల్లే చేసి ఇచ్చింది.

"ఇదిగో, నల్లగుడ్డులో తెల్ల చుక్క కనబడుతోందా? అది బేబీ లైటు, చిన్న లైటన్నమాట. మామూలుగా కెమెరా పక్కనే కాస్త ఎత్తున పెడతాం. ఈ పిల్ల రెప్పలు వాల్చి చూస్తుంది కదా, ఆ ఎత్తులో పెడితే కంట్లోకి వెలుగు పోదు. కిందకి దించాలి."

"ఎంత కిందకి తాతయ్యా?"

ఆయన కుర్చీలోంచి లేచి, చెయ్యి గడ్డం దగ్గర పెట్టి చూపించారు.