మీల్ మేకర్‌కి తమ్ముడొచ్చాడు

కార్తీకమాసం వచ్చిందంటే హైదరాబాద్‌లో చాలా ఇళ్లల్లో బిర్యానీలోకి మటన్ పోయి మీల్ మేకర్ దిగుతుంది. సోయా గింజల నుంచి నూనె పిండేశాక మిగిలే పిండిని ముక్కలుగా మార్చే పద్ధతి అమెరికాలో 1960ల్లో ఆర్చర్ డేనియల్స్ మిడ్‌లాండ్ కంపెనీలో పుట్టింది. ఎండు ముక్కల్లో సగం దాకా ప్రొటీనే, కొవ్వు దాదాపు లేదు. అంటే మొక్క మాంసం మనకేం కొత్త కాదు.

కొత్తదల్లా అది అచ్చం మాంసంలా నటించడం. అమెరికాలో 2009లో బియాండ్ మీట్, 2011లో ఇంపాజిబుల్ ఫుడ్స్ అనే కంపెనీలు మొదలయ్యాయి. రెండోవాళ్లయితే సోయా వేళ్ల బుడిపెల్లో ఉండే హీమ్ ప్రొటీన్‌ని (మన రక్తంలో ఎరుపునిచ్చేలాంటిదే) ఈస్ట్‌తో తయారు చేయించి ప్యాటీలో, అంటే బర్గర్ మధ్యలో పెట్టే బిళ్లలో, కలిపారు, ఆ నెత్తుటి రంగు, రుచి దానివల్లే. టైమ్ కూడా కలిసొచ్చింది: 2015 అక్టోబర్‌లో ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం సాసేజ్, బేకన్ లాంటి ప్రాసెస్డ్ మాంసం క్యాన్సర్ తెస్తుందని, మటన్, బీఫ్ బహుశా తేవచ్చని తేల్చింది. ఇంకేం, మొక్కలతో చేసింది కదా, మంచిదేలే అనుకున్నారు జనం.

ప్యాకెట్ వెనక్కి తిప్పితే ఉప్పు కనిపిస్తుంది. 113 గ్రాముల ఇంపాజిబుల్ ప్యాటీలో సోడియం 370 మిల్లీగ్రాములు, పచ్చి బీఫ్‌లో అందులో పావు వంతు కూడా ఉండదు (వండేటప్పుడు మనం వేసే ఉప్పు వేరే లెక్క, అది ఎవరూ చెప్పరు!).

2020లో స్టాన్‌ఫర్డ్‌లో 36 మందికి ఎనిమిది వారాలు మొక్క మాంసం, ఎనిమిది వారాలు మామూలు మాంసం పెట్టి చూస్తే మొక్క మాంసం తిన్నప్పుడు చెడు కొలెస్ట్రాల్, బరువు కాస్త తగ్గాయి, కానీ డబ్బులిచ్చింది బియాండ్ మీటే. అంతమాత్రాన ఫలితం అబద్ధం అనలేం గానీ, 2024లో సింగపూర్‌లో షుగర్ వచ్చే ముప్పున్న 89 మంది మీద చేస్తే కొలెస్ట్రాల్‌లో చెప్పుకోదగ్గ తేడా రాలేదు.

నా గొడవ ఒకటే, దేనితో పోలుస్తున్నాం? సాసేజ్ మానేసి ప్యాటీ తింటే లాభమే కావచ్చు. ఇంట్లో వండిన నాటుకోడి పులుసు మానేసి తింటే ఏంటి లాభం? మన తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాల్లో బాగా ప్రాసెస్ చేసినవి తగ్గించమంది, ఈ ప్యాటీలు నాకు ఆ గుంపులోనే కనిపిస్తాయి.

ఇక బి12 విటమిన్. మీల్ మేకర్‌లో అది ఉండదు, కొత్త ప్యాటీల్లో కొన్నింటికి కలుపుతారు. కాలేయంలో నిల్వలు ఏళ్ల తరబడి వస్తాయి కాబట్టి కార్తీకం ఒక్క నెలకి టెన్షన్ అక్కర్లేదు. మాంసం, పాలు, గుడ్లు పూర్తిగా మానేసినవాళ్లు తప్పకుండా చూసుకోవాలి.