మ్యాచ్ మీద మళ్లీ గొడవ: ఆర్థోపెడిక్స్‌లో 2008కి ముందు ఏం జరిగింది?

అమెరికా ప్రతినిధుల సభ జ్యుడీషియరీ కమిటీ 2025 మార్చిలో రెసిడెన్సీ మ్యాచ్‌తో సంబంధమున్న సంస్థలకు లేఖలు రాసింది. రెసిడెన్సీ అంటే మెడికల్ కాలేజీ అయ్యాక ఆసుపత్రిలో జీతంతో చేసే ట్రైనింగ్; మ్యాచ్ అంటే అభ్యర్థులూ ప్రోగ్రాములూ ఇచ్చిన ఇష్టాల జాబితాలను ఒక్కచోట కలిపి సీట్లు కేటాయించే పద్ధతి. దాంతో పాత వాదన మళ్లీ లేచింది: ట్రైనింగ్ ప్రోగ్రాములన్నీ కూడబలుక్కుని జూనియర్ డాక్టర్ల జీతాలు పెరగనివ్వడం లేదని. 1952లో మ్యాచ్ ఎలా మొదలైందో చాలామంది రాశారు కాబట్టి అది వదిలేస్తున్నాను. మ్యాచ్ లేకపోతే ఏమవుతుందో తెలియాలంటే చూడాల్సింది ఆర్థోపెడిక్స్ (ఎముకలు, కీళ్ల సర్జరీ) ఫెలోషిప్‌ల కథ.

అయిదేళ్ల రెసిడెన్సీ అయ్యాక ఎక్కువమంది వెన్నెముక, స్పోర్ట్స్, కీళ్ల మార్పిడి లాంటి వాటిలో ఇంకో ఏడాది ఫెలోషిప్ చేస్తారు. 2000ల మధ్యలో ఈ ఫెలోషిప్‌ల ఉమ్మడి ఎంపిక, అంటే వాటి మ్యాచ్, చాలావరకు కూలిపోయింది. ఒక ప్రోగ్రాం డైరెక్టర్ ముందుగా ఆఫర్ ఇస్తే, మంచివాళ్లు చేజారిపోతారన్న భయంతో పక్క ప్రోగ్రాం ఇంకా ముందుకు జరిగేది. ఈ పరుగులో నలిగింది రెసిడెంట్లే. ఏ సర్జరీ మీద తమకు మనసుందో ఇంకా తేలకముందే ఫోన్ వచ్చేది, గడువు చాలా తక్కువ, మిగతా చోట్ల ఇంటర్వ్యూలే అయ్యుండవు, కాదంటే చేతిలో సీటు పోతుంది, సరేనంటే మిగతా దారులన్నీ మూసుకుపోతాయి. ఎంత టెన్షనో ఊహించుకోండి. ఇది తప్పని తెలిసిన డైరెక్టర్ కూడా ఒంటరిగా ఆగలేడు, ఆగితే నష్టం తన ప్రోగ్రాంకే.

అందుకే స్పెషాలిటీ సంఘాల పెద్దలు కలిసి కూర్చుని 2008లో ఫెలోషిప్‌ల మ్యాచ్‌ని మళ్లీ నిలబెట్టారు. తర్వాత 2012లో ఎకనామిక్స్ నోబెల్ అందుకున్న ఆల్విన్ రాత్ కూడా ఈ సమస్య మీద ఆర్థో సర్జన్లతో కలిసి పనిచేశారు. ఆర్థో రెసిడెన్సీలో ఇంటర్వ్యూ పిలుపులన్నీ ఒకే రోజు పంపాలన్న ఒప్పందం, 2022-23 నుంచి ఒక్కో అభ్యర్థికి 30 సిగ్నళ్లు (ఫలానా ప్రోగ్రాం మీద నిజంగా ఆసక్తి ఉందని అప్లికేషన్‌తో పాటు తెలిపే గుర్తులు), ఇవీ అలాంటి ఉమ్మడి ప్రయత్నాలే. అక్కడి మన తెలుగు కుటుంబాల పిల్లలు ఆర్థోకి అప్లై చేసేదీ ఈ పద్ధతిలోనే.

జీతాల ఫిర్యాదును కొట్టిపారేయలేం. దాని మీద 2002లో కేసు పడింది, 2004లో కాంగ్రెస్ పెన్షన్ బిల్లులో ఒక సెక్షన్ చేర్చి మ్యాచ్‌కి యాంటీట్రస్ట్ చట్టాల (పోటీని దెబ్బతీసే కుమ్మక్కులను ఆపే చట్టాలు) నుంచి మినహాయింపు ఇచ్చేసింది, ఆ పద్ధతి నాకూ నచ్చదు. కానీ ప్రోగ్రాములు జీతాలు కలిసి ఖరారు చేసుకుంటే మినహాయింపు వర్తించదని ఆ సెక్షన్‌లోనే ఉంది. జీతాల కోసం పోరాడాలంటే ఆ దారి తెరిచే ఉంది. మినహాయింపు మొత్తం ఎత్తేస్తే మాత్రం, ఫెలోషిప్‌లలో చూసిన ఆ ఫోన్లు మెడికల్ స్టూడెంట్ల దాకా వస్తాయి.